రాళ్లు పొదిగిన రోలెక్స్‌ని ఎవరు విప్పాలి?

పెళ్లికొడుక్కి సైకిలు, వాచీ, రేడియో పెట్టిన రోజుల్లో ఆ వాచీ చాలా ఇళ్లలో హెచ్‌ఎంటీయే. దానికి చేయించే మార్పు కూడా ఒక్కటే, తోలు పట్టీ తీసేసి చైన్ వేయించడం. సైకిలు పోయి కారొచ్చింది, రేడియో సంగతి ఎవరికీ గుర్తులేదు, వాచీ మాత్రం పేరు మార్చుకుని నిలబడింది. బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపూర్ రోడ్డులోనో కాపురముంటున్న గుంటూరు, నెల్లూరు, అనంతపురం అల్లుళ్ల చేతికి రోలెక్సో ఒమేగానో కనిపిస్తే, మామగారు పెట్టిందో, డల్లాస్ నుంచి బాబాయి తెచ్చిందో అయ్యే అవకాశం ఎక్కువ.

ఆ వాచీల్లో కొన్ని కంపెనీ నుంచి నేరుగా చేతికి రావు. మధ్యలో ఒక మజిలీ ఉంటుంది. గ్లాసు చుట్టూ ఉండే ఉక్కు రింగు, అంటే బెజెల్, తీసేసి వజ్రాల బెజెల్ బిగిస్తారు. డయల్ మీద గంటల గుర్తుల చోట రాళ్లు పొదుగుతారు. వాచీ ఒంటికి, అంటే కేసుకి, నల్లపూత వేయిస్తారు. తెలిసిన నగల షాపులో చేయించినవాళ్లున్నారు, దుబాయ్‌లోనో అమెరికాలోనో ఇదే పనిగా పెట్టుకున్న దుకాణాల్లో చేయించినవాళ్లున్నారు. అది అందమా, ఆర్భాటమా అన్నది వేరే చర్చ. కట్టుకున్నవాడి చెయ్యి, పెట్టినవాడి డబ్బు. అసలు చిక్కు ఆరేడేళ్లకి మొదలవుతుంది. వాచీ రోజుకో నిమిషం వెనకబడుతుంది, లేదా రాత్రి తీసి బల్లమీద పెడితే తెల్లారేసరికి ఆగి ఉంటుంది. సర్వీసుకివ్వాలి. ఎవరికి?

దీనికి ఇళ్లలో వినిపించే జవాబులు రెండే. లక్షలు పోసి కొన్నదాన్ని కంపెనీకి తప్ప వేరేవాళ్లకి ఇవ్వకూడదని ఒకరంటారు. కంపెనీవాడు నిలువుదోపిడీ చేస్తాడు, చిక్కపేటలో మనకి తెలిసిన మెకానిక్ ఉన్నాడని ఇంకొకరంటారు. ఈ వాదన ఎంతసేపు సాగినా తేలదు, ఎందుకంటే ఇద్దరూ రిపేరు చేసే మనిషి గురించే మాట్లాడుతున్నారు. ముందు చూడాల్సింది వాచీని. అందులో మార్పు ఎక్కడ జరిగింది? పాత భాగం తీసి కొత్తది బిగించారా, లేక కంపెనీ ఇచ్చిన భాగాన్నే తొలిచారా? బిగించిన మార్పుకి వెనక్కి దారి ఉంటుంది. తొలిచిన మార్పుకి ఉండదు. ఎవరికివ్వాలన్నది సగానికి పైగా అక్కడే తేలిపోతుంది.

ముందు కంపెనీ దారి. షోరూములో ఇచ్చిన వాచీని అక్కడికక్కడ విప్పరు. పైపైన చూసి, సీరియల్ నంబరు రాసుకుని, రసీదిచ్చి సర్వీస్ సెంటరుకి పంపిస్తారు. అన్ని బ్రాండ్లకీ ఆ సెంటరు బెంగళూరులోనే ఉండదు, వేరే ఊరికి పోయి రావాల్సినవీ ఉన్నాయి. అక్కడ వెనక మూత తీసి ఏ భాగం తమదో, ఏది కాదో చూస్తారు. కొన్నాళ్లకి ఎస్టిమేట్ వస్తుంది. మార్చిన వాచీకి వచ్చే ఎస్టిమేట్‌లో శుభ్రం చేసి నూనె వేసే ఖర్చు ఒక వరుస. గుండె గుభేలుమనిపించేది దాని కింద ఉంటుంది: బెజెల్ మార్చాలి, డయల్ మార్చాలి, గ్లాసు మార్చాలి. సరేనంటే మొత్తం కంపెనీ సామానుతో చేసిస్తారు. కాదంటే ముట్టుకోకుండా తిప్పి పంపేస్తారు. రాళ్లు అలాగే ఉంచి లోపలి మిషన్ ఒక్కటే శుభ్రం చేయమంటే పెద్ద స్విస్ బ్రాండ్లు సాధారణంగా ఒప్పుకోవు.

ఇందులో కంపెనీ మొండితనం కొంత ఉంది, న్యాయం కూడా కొంత ఉంది. రోలెక్స్ 2015 జూలై నుంచి కొత్త వాచీకి 5 ఏళ్ల గ్యారంటీ ఇస్తోంది. సర్వీస్ చేసిచ్చినదానికి 2 ఏళ్లు. తన వాచీ రోజుకి 2 సెకన్లకి మించి అటూ ఇటూ పోదని చెబుతుంది, తన డైవింగ్ మోడల్ సబ్‌మెరైనర్ 300 మీటర్ల లోతుకి ఆగుతుందని చెబుతుంది. ఈ మాటలన్నీ తను కొలతలు వేసి తయారుచేసిన భాగాల మీద చెప్పినవి. ఎవరో తయారుచేసిన బెజెల్ కింద నీళ్లు దిగితే దానికి పూచీ ఎలా పడుతుంది? అందుకే తనది కాని భాగం వేస్తే గ్యారంటీ చెల్లదని ముందే కాగితం మీద రాసి ఇస్తుంది. ఇది న్యాయమైన కారణం. రెండో కారణం పేరు. డయల్ మీదున్న కిరీటం బొమ్మ తనది, కింద ఉన్న డయల్ తనది కాదు. దాన్ని తుడిచి ఇస్తే తన ముద్ర వేసినట్టవుతుందని కంపెనీ భయం. మూడో కారణాన్ని కంపెనీలు పైకి చెప్పవు: విడిభాగాలూ సర్వీసూ వాటికి మంచి రాబడి. ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి కౌంటర్ దగ్గర ఎంత వాదించినా లాభం లేదు. అక్కడున్న అమ్మాయికి పై నుంచి వచ్చిన రూలు తప్ప ఇంకేం తెలియదు.

ఇప్పుడు వాచీలోకి వద్దాం.

చైన్, పట్టీ మారిస్తే పెద్ద బాధ లేదు. తీసేసి వాచీ తల ఒక్కటే సర్వీసుకి ఇవ్వొచ్చు. బెజెల్ దగ్గర మాత్రం చాలామంది పొరపడతారు. సబ్‌మెరైనర్‌లో తిరిగే బెజెల్ కింద గ్లాసుని పట్టి ఉంచే రింగు వేరే ఉంటుంది. పైన తిరిగే బెజెల్‌నో అందులోని అంకెల పలకనో మారిస్తే నీళ్ల కట్టుదిట్టానికి వచ్చే ముప్పు తక్కువ. అదే రోలెక్స్‌లోనే డేట్‌జస్ట్ అనే మోడల్‌లో గీతలున్న బంగారు బెజెలే గ్లాసు చుట్టూ ఉన్న వాషర్‌ని నొక్కి పట్టుకుంటుంది. అక్కడ బెజెల్ అంటే అలంకారం కాదు, తలుపుకి గడియ లాంటిది. దాన్ని తీసి బయటి వజ్రాల బెజెల్ బిగిస్తే, వెంట్రుకవాసి తేడా వచ్చినా నీళ్లకి దారి ఇచ్చినట్టే. పైకి రెండూ ‘బెజెల్ మార్చాం’ అనే మాటే. మన ఇళ్లలో పెళ్లిళ్లకి రాళ్లు పెట్టించేది ఎక్కువగా డేట్‌జస్ట్‌కే కావడం ఇక్కడ దురదృష్టం.

డయల్ కథ వేరు. చిక్కపేట, అవెన్యూ రోడ్డు సందుల్లో పాత రిపేరు బల్లల దగ్గర కనిపించే దృశ్యం ఇలా ఉంటుంది. వాచీ రోజూ గంటల తరబడి వెనకబడుతోందని ఒకాయన తెస్తాడు. మెకానిక్ దాన్ని టైమింగ్ మెషిన్ మీద పెడతాడు. అది టిక్ శబ్దాన్ని విని లెక్కకట్టే యంత్రం. గంటకి 28,800 సార్లు కొట్టుకునే వాచీ అంటే సెకనుకి 8. తెరమీద గీతలు తిన్నగా వస్తున్నాయి. టైముని నడిపించే బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం 280 డిగ్రీల పైన ఉంది. వాచీకి జబ్బేం లేదు.

“ఏ టైముకి ఆగుతోందన్నా?” అని అడుగుతాడు మెకానిక్.

“అదెవరు చూశారు? పొద్దున లేచి చూస్తే తగ్గి ఉంటుంది.”

మెకానిక్ కీ బయటికి లాగి ముళ్లని మెల్లగా తిప్పుతాడు. కంటికి లూప్ పెట్టుకుని వాచీని పక్క నుంచి, దాదాపు డయల్ అంచు ఎత్తులో చూస్తాడు. మూడు దగ్గరికి వచ్చేసరికి గంటల ముల్లు కొస ఒక రాయిని రాసుకుంటుంది. కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట కాస్త పెద్ద రాయి, కాస్త ఎత్తుగా కూర్చుంది. ముల్లు అక్కడ తట్టుకుంటే వాచీ ఆగిపోతుంది. చెయ్యి కదిపితే ఆ కుదుపుకి మళ్లీ నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి చేతికి ఉంటుంది కాబట్టి ఆగినట్టే తెలియదు. తెల్లవారుజామున మూడింటికి బల్లమీద ఉంటుంది, మనిషి లేచి దాన్ని కదిపేదాకా అలాగే పడి ఉంటుంది.

“మిషన్‌కి రోగం లేదన్నా. దాని నెత్తి మీద పెట్టిందే దానికి బరువు.”

ఈ వాచీని కంపెనీకి పంపినా అక్కడి టెక్నీషియన్ ఇదే కనిపెడతాడు. కానీ రాయిని సరిచేసి ఇవ్వడు, డయల్ మొత్తం మార్చమంటాడు. కంపెనీతో సంబంధం లేని విడి మెకానిక్ ముల్లుని ఒక పిసరు పైకి లేపి కూర్చోబెడతాడు, లేదా రాయిని కిందికి దించమని నగల పనివాడి దగ్గరికి పంపిస్తాడు. మార్పు అలాగే ఉండాలనుకున్నవాడికి విడి మెకానిక్ తప్ప వేరే దారి లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. డయల్ మార్పుల్లో ఇంకో రకం ఉంది. బయటి డయల్‌కి వెనక ఉండే రెండు కాళ్లు మిషన్‌లోని రంధ్రాలకి సరిగ్గా సరిపోకపోతే కాళ్లు తుంచేసి జిగురుతో అతికిస్తారు. ఏళ్లు గడిచాక ఆ అతుకు ఊడితే డయల్ తిరుగుతుంది, తేదీ కిటికీలో అంకె సగమే కనిపిస్తుంది. మిషన్ మీద జిగురు మరకలు చూసిన ఏ మెకానిక్‌కైనా దాని చరిత్ర అర్థమైపోతుంది.

కేసు తొలిచి రాళ్లు పొదిగిస్తే ఆ మార్పుకి తిరుగు లేదు. ఉక్కులో గుంటలు పడ్డాక అవి పూడవు. కంపెనీ ఒప్పుకున్నా కేసు మొత్తం మార్చాలి, అంటే దాదాపు కొత్త వాచీ కొన్నట్టే. నల్లపూత సంగతీ అంతే. పూత మందం మైక్రాన్లలో ఉంటుంది, దాన్ని రసాయనాలతో తీయించవచ్చు. కానీ పూత వేసే ముందు కేసుని పాలిష్ పట్టి ఉంటే అంచుల పదును పోయి ఉంటుంది, అది తిరిగి రాదు. మిషన్‌లో చక్రాల్ని పట్టి ఉంచే వంతెనల్ని కోసి జాలీలా చేయించినవాళ్లకి కంపెనీ తలుపు శాశ్వతంగా మూసుకున్నట్టే. కంపెనీ ఇచ్చిన డయల్‌నే తొలిచి రాళ్లు పెట్టినా ఈ కోవలోకే వస్తుంది. డయల్ ఒరిజినలే కదా అని యజమాని వాదిస్తాడు. కంపెనీ లెక్కలో అది పాడైన ఒరిజినల్.

ఇక విడి మెకానిక్. వాచీ పని బెంగళూరుకి కొత్తేం కాదు. 1961లో జపాన్ సిటిజెన్ సాయంతో హెచ్‌ఎంటీ వాచీ ఫ్యాక్టరీ ఇక్కడే మొదలైంది. 1984లో పుట్టిన టైటాన్ కంపెనీ ఫ్యాక్టరీ పొలిమేర దాటితే వచ్చే హోసూరులో ఉంది, అక్కడ వీధుల్లో తమిళంతో సమానంగా తెలుగు వినిపిస్తుంది. హెచ్‌ఎంటీ వాచీల మూసివేతకి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీ పోయినా, కీ ఇచ్చే వాచీని విప్పి బిగించే చెయ్యి ఊరి నుంచి పోలేదు. ఆ చేతికి ఈనాడు వచ్చిన కష్టం పనితనంలో లేదు, సామాను దొరకడంలో ఉంది.

స్విట్జర్లాండ్‌లో పెద్ద వాచీ గుంపుల్లో స్వాచ్ గ్రూప్ ఒకటి. ఒమేగా, లాంజీన్, టిసో అన్నీ దాని కిందివే, చాలా బ్రాండ్లకి మిషన్లు తయారుచేసిచ్చే ఈటీఏ కూడా. ఈ గుంపు 2015 చివరికల్లా విడిభాగాలని హోల్‌సేల్ వ్యాపారులకి అమ్మడం ఆపేసింది. రోలెక్స్ తన భాగాలని తను గుర్తించినవాళ్లకి తప్ప ఇవ్వదు. యూరప్‌లో విడి మెకానిక్‌ల సమాఖ్య దీనిమీద 2004లోనే ఫిర్యాదు చేసింది. యూరోపియన్ కమిషన్ 2008లో కొట్టేసింది, కోర్టు 2010లో ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది, కమిషన్ 2014లో మళ్లీ కొట్టేసింది, ఈసారి 2017లో కోర్టు దాన్నే సమర్థించింది. 13 ఏళ్లు తిరిగి మెకానిక్‌లు బయల్దేరిన చోటికే వచ్చారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాను, వాహనాలు అందులో ఉన్నాయి. చేతి గడియారానికి చోటు లేదు. లక్షల వాచీ కట్టుకున్నవాడి బాధ మీద ప్రభుత్వానికి జాలి కలగకపోవడంలో ఆశ్చర్యమూ లేదు.

కాబట్టి విడి మెకానిక్‌కి ఇచ్చే ముందు లోపల ఏ మిషన్ ఉందో తెలియాలి. ఈటీఏ 2824, వాల్జూ 7750 లాంటి మిషన్లు ఎన్నో బ్రాండ్లలో ఉన్నాయి. వాటికి సెలీటా లాంటి కంపెనీలు దాదాపు అలాంటి మిషన్లే తయారుచేస్తున్నాయి, కాబట్టి భాగం దొరకడం అసాధ్యం కాదు. రోలెక్స్‌లో 1988లో వచ్చిన 3135 కాలిబర్, అంటే ఆ నంబరు మిషన్, దశాబ్దాల పాటు నడిచింది. దాన్ని విప్పిన చేతులు చాలా ఉన్నాయి, పాతవో బయటివో భాగాలూ తిరుగుతున్నాయి. 2015లో వచ్చిన 3235 అలా కాదు, చక్రాల్ని టిక్‌కి ఒక్కో పన్ను చొప్పున వదిలే ఎస్కేప్‌మెంట్ తీరే అందులో మారింది, భాగం అరిగితే బయట దొరకడం కష్టం. ఒమేగా 1999లో మొదలుపెట్టిన కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ కూడా అంతే, దాన్ని సరిగ్గా నూనె వేసి బిగించడానికి ప్రత్యేకంగా నేర్చుకుని ఉండాలి. మామూలు వాచీలో గొప్ప పనిమంతుడైనవాడు ఇక్కడ తడబడొచ్చు. “ఇది నేను చేయను సార్” అని తిప్పి ఇచ్చే మెకానిక్‌ని చిన్నచూపు చూడకూడదు. ఏదిచ్చినా చేస్తాననేవాడితోనే టెన్షన్.

శుభ్రం చేసి నూనె వేయడం వరకైతే భాగాలతో పెద్దగా పని పడదు. మిషన్ పూర్తిగా విప్పి, అల్ట్రాసోనిక్‌లో కడిగి, ఒక్కో కీలుకి దాని నూనె వేసి బిగించాలి. చక్రాల మొనలకి ఒక నూనె, స్ప్రింగ్ ఉండే డబ్బాకి గ్రీజు, ఎస్కేప్‌మెంట్ రాళ్లకి ఇంకోటి. నూనె అంటే చుక్క కూడా కాదు, సూది మొన మీద నిలిచేంత. ఎక్కువైతే పాకిపోయి దుమ్ము పట్టుకుంటుంది. ఆ పని తెలిసిన మనిషిని ఏ నూనె వాడతారని అడిగితే సీసా తీసి చూపిస్తాడు. మూత తీసి లోపలికి ఊది, ఒకే నూనె నాలుగు చోట్ల రాసి, అరగంటలో ‘ఓవరాయిలింగ్ అయిపోయింది’ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి రెండువేల వాచీ ఇవ్వొచ్చు, ఇరవై లక్షలది ఇవ్వకూడదు.

మార్చిన వాచీకి అన్నిటికంటే ముఖ్యం నీళ్ల పరీక్ష. చాలామంది దీన్ని అడగనే అడగరు. పొడి పరీక్షలో వాచీని గాలి ఒత్తిడిలో పెట్టి కేసు ఎంత వంగుతోందో కొలుస్తారు. మైక్రాన్లలో తేడా చూసి ఎక్కడో లీకుందని యంత్రం చెప్పేస్తుంది. దీనికి వాచీ తడవక్కర్లేదు. యంత్రం లేనివాళ్లు చేసే పాత పద్ధతి ఒకటుంది: వాచీని గోరువెచ్చని పలక మీద కాసేపు ఉంచి, గ్లాసు మీద చల్లని నీటి చుక్క వేస్తారు. లోపలి వైపు ఆవిరి పడితే తేమ చేరినట్టే. ఇది తేమ ఉందా లేదా అన్నదే చెబుతుంది, రేపు చేరుతుందా అన్నది చెప్పదు. రాళ్ల బెజెల్ వేసిన వాచీ పాత కాగితాల మీద 100 మీటర్లో 300 మీటర్లో ఉన్నా, కొత్తగా పరీక్ష చేసేదాకా దాన్ని నీళ్లకి ఆగని వాచీగానే లెక్కపెట్టాలి. డబ్బా మీద రాసిందని నమ్మి గోదావరి పుష్కరాల్లో మూడు మునకలు వేస్తే పుణ్యం మనిషికి, తుప్పు మిషన్‌కి.

భాగాలు మార్చేస్తారన్న భయం మన దగ్గర అందరికీ ఉంది, దాన్ని అనుమానపు జబ్బుగా కొట్టిపారేయలేం. దానికి మందు పోట్లాట కాదు, కాగితం. వెనక మూత తన ముందే తీయమని అడిగి, మిషన్ మీది కాలిబర్ నంబరు, సీరియల్ ఉంటే అదీ కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. ఏవి కంపెనీ భాగాలు, ఏవి బయటివి అన్నది రసీదులోనే రాయించాలి. ‘రోలెక్స్ వాచీ ఒకటి, రిపేరుకి’ అన్న రసీదు రేపు ఎందుకూ పనికిరాదు. మార్చిన పాత భాగం తిరిగి ఇవ్వాలని కూడా అందులోనే ఉండాలి. రిపేరుకి తీసుకున్న వస్తువుని సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. అదే చట్టంలో 170వ సెక్షన్ మెకానిక్ వైపు నిలబడుతుంది, కూలి ఇచ్చేదాకా వాచీ తన దగ్గరే ఉంచుకోవచ్చు. కంపెనీకిచ్చినా రసీదు అలాగే చదవాలి. తీసేసిన డయల్‌ని తిరిగి ఇవ్వని బ్రాండ్లు ఉన్నాయి, రాళ్లకి పెట్టిన డబ్బు దానితోపాటే పోతుంది. ఆ రాళ్లు విప్పించుకుని పంపడమే మేలు.

మార్చడం నేరమా అని అడిగేవాళ్లున్నారు. సొంత వాచీని సొంతానికి మార్పించుకుంటే నేరం కాదు. స్విట్జర్లాండ్ సుప్రీంకోర్టు 2024 జనవరిలో రోలెక్స్‌కీ, జెనీవాలో వాచీలు మార్చే ఒక సంస్థకీ మధ్య నడిచిన కేసులో దాదాపు ఇదే చెప్పింది: యజమాని కోరితే అతని సొంత వాడకానికి మార్చి ఇవ్వొచ్చు, మార్చినవాటిని అదే బ్రాండ్ పేరుతో మార్కెట్లో పెట్టడం మాత్రం కుదరదు. అమెరికాలో అదే ఏడాది ఒక అప్పీలు కోర్టు, బయటి డయళ్లు, బెజెళ్లు వేసిన వాచీలని రోలెక్స్ పేరుతో అమ్మడం నకిలీ ట్రేడ్‌మార్కు కిందికే వస్తుందని తీర్పిచ్చింది. మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలోనూ 30వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ఈ దారిలోనే ఉంది. ఒకసారి అమ్మిన సరుకు చేతులు మారడాన్ని కంపెనీ మామూలుగా ఆపలేదు, సరుకు స్థితి మారిపోతే ఆపవచ్చు. రిపేరుకి ఇచ్చేవాడికి ఇవేవీ అడ్డు రావు. అమ్మేటప్పుడు ఒరిజినల్ అని చెప్పి అమ్మితేనే చిక్కు.

కంపెనీలు అన్ని మార్పుల్నీ అసహ్యించుకుంటాయనీ కాదు. లండన్‌లో బామ్‌ఫర్డ్ అనే సంస్థ రోలెక్స్‌లకి అనుమతి లేకుండా నల్లపూత వేసి పేరు తెచ్చుకుంది. 2017లో జెనిత్, ట్యాగ్ హోయర్ దాన్నే పిలిచి తమ అధికారిక మార్పుల పని అప్పగించాయి. ఆ దారిలో చేయించిన మార్పుకి గ్యారంటీ పోదు. మార్పు అదే, తేడా అంతా అనుమతిలో ఉంది.

ఇక లెక్క. వైట్‌ఫీల్డ్‌లోని ఆ గుంటూరు అల్లుడికి డేట్‌జస్ట్ ఉందనుకుందాం, బయటి వజ్రాల బెజెల్, బయటి డయల్, లోపల 3135. మిషన్ ఎవరూ ముట్టుకోలేదు, కేసు తొలవలేదు. రాళ్లు అలాగే ఉండాలంటే అతనికి మంచి విడి మెకానిక్ చాలు. మిషన్ తెలిసినదే, ప్రెషర్ పరీక్షలో బెజెల్ ఆగితే సరి, ఆగకపోతే నీళ్లకి దూరంగా ఉంచాలి. కంపెనీకి పంపితే పోస్టు ఖర్చు, ఎదురుచూపు, చివరికి ఎస్టిమేట్ కాగితం మిగులుతాయి. అదే అతని వాచీలో 3235 ఉండి, బ్యాలెన్స్ దగ్గర ఏదో అరిగిందంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు విడి మెకానిక్ ఎంత మంచివాడైనా చేతులెత్తేస్తాడు. మార్పులు విప్పించి, పాత బెజెల్, పాత డయల్ తిరిగి పెట్టించి కంపెనీకి పంపాలి. అందులో మోసం లేదు, వాచీ నిజంగానే మళ్లీ కంపెనీదైంది. బిగించే పని విడి మెకానిక్‌దే, మరమ్మతు కంపెనీది. ఇద్దరి దగ్గరికీ వెళ్లాల్సిన ఈ దారి మన దగ్గర చాలామందికి తోచదు, ఎందుకంటే మొదటే ఒకరి పక్షం తీసుకుని కూర్చుంటారు.

ఈ దారికి ఒకటే అడ్డు. పాత బెజెల్, పాత డయల్ ఉండాలి. రాళ్లు పెట్టించిన రోజున వాటిని చాలామంది షాపులోనే వదిలేస్తారు. ఉక్కు ముక్క ఏం చేసుకుంటామని, మజూరీలో ఓ వెయ్యి తగ్గించుకుని వచ్చేస్తారు. డేట్‌జస్ట్ గీతల బెజెల్ ఉక్కు కాదు, బంగారం. అదీ అలాగే పోతుంది. మంచి షాపైతే చిన్న జిప్ కవర్లో వేసి బిల్లుతో కలిపి ఇస్తుంది. ఆ కవరు ఎక్కడుందో వాచీ కట్టుకున్నవాడికి తెలియదు, పెట్టినవాళ్లకే తెలుస్తుంది. సర్వీస్ సెంటరుకి ఫోన్ చేసే ముందు గుంటూరుకి ఒక ఫోన్ చేసి, మిగిలిపోయిన శుభలేఖలు, పట్టుచీరల బిల్లులు దాచిన బీరువా అర ఒకసారి వెతకమని అత్తగారిని అడగాలి.